చివరి వాక్యం తప్ప

ఆ ఫోరంలో అతని పేరు నిదానం. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పదకొండేళ్ళుగా ఆ పేరుని వాడుతున్నది కరెంటు బిల్లు ఒక్కటే. కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని ఫ్రేముకి సరిపోయేలా అద్దాల అంచులు అరగదీయడం అతని పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం ఊడిపోతుంది, తక్కువ అరిగితే ఫ్రేము విరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసినవాడికి నిదానం అని కాక మరేం పేరొస్తుంది? నోట్లో నాలుక లేని మనిషి. ఎదుటివాడు గొంతు పెంచితే, తప్పు తనదేనేమో అని ముందు తనని తాను తడుముకునే రకం. ఇలాంటివాళ్ళ వల్ల లోకానికి హాని ఉండదని అందరూ అనుకుంటారు. అదేం నిజం కాదు.

ఆదివారం పొద్దున మాత్రం అతనికి ఇంకో బతుకు ఉండేది. మూతపడ్డ గోడౌను ఒకటి అద్దెకి తీసుకుని, పది మీటర్ల దూరంలో కాగితాలు తగిలించి, కొంతమంది ఎయిర్ గన్ కాలుస్తుంటారు. ఎవరినీ చంపే తుపాకులు కావు అవి. లోపల స్ప్రింగు, దాని ముందు పిస్టన్, పిస్టన్ తలకి ఒక వాషర్, ఆ వాషర్ నెట్టే గాలి, ఆ గాలికి దూసుకుపోయే పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు. కాగితం మధ్యలో బఠాణీ గింజంత నల్లచుక్క. దాని మీద చూపు నిలిపి ఊపిరి బిగబట్టినప్పుడు నిదానానికి ఇంట్లో బాకీ పడ్డ మాటలూ, షాపులో పడ్డ మాటలూ ఏవీ గుర్తుండేవి కావు.

ఈ సరదా ఉన్నవాళ్ళందరికీ ఇంటర్నెట్లో ఒక ఫోరం ఉంది. నాలుగువేల మంది. స్ప్రింగు ఎందుకు కీచుమంటోంది, పెల్లెట్ ఎందుకు ఎడమకి పోతోంది, ఏ నూనె వెయ్యాలి, ఇవీ అక్కడి లోకవ్యవహారాలు. నూనె దగ్గర మొదలైన మాట అమ్మా ఆలీ తిట్లదాకా పోవడానికి అక్కడ అరగంట చాలు. ఆ తగాదాలు తీర్చే మోడరేటర్లు మొదట్లో ఇద్దరు. ఒకాయన అలిగి వెళ్ళిపోయాక నిదానం ఒక్కడే మిగిలాడు. జీతం లేదు, తిట్లు మాత్రం ఉచితం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

"ఏమండీ, మన ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేవారు. మీరు నాలుగువేల మందికి తీర్పు చెబుతున్నారా?" అని భార్య నవ్వేది. నిదానం కూడా నవ్వేవాడు. లోపల మాత్రం గర్వంగానే ఉండేది.

ఆ ఫోరంలో లేత్ తాత ఉండేవాడు. ఊరి చివర రేకుల షెడ్డు, అందులో ముసలి లేత్ మిషను. పాత తుపాకులకి వాషర్లు చేసేవాడు. తోలు కోసి, నూనెలో నానబెట్టి, అచ్చులో బిగించి, మిషను మీద కొలతకి తిప్పేవాడు. కంపెనీ వాషర్ రెండేళ్ళు వస్తే తాతది పదేళ్ళు వచ్చేది. కొత్తగా చేరినవాడు ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా తాత ఓపిగ్గా జవాబు రాసేవాడు. వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ఆయన చెప్పే పరీక్ష అందరికీ కంఠతా వచ్చు. ముందు రంధ్రం మూసి పట్టుకో. బొటనవేలితో నెట్టు, కష్టంగా వెళ్ళాలి. వదులు, అదే కొంచెం వెనక్కి రావాలి. రాలేదంటే గాలి ఎక్కడో పోతోంది. ప్రతి జవాబు చివరా ఒకటే మాట, "చేతులు కడుక్కో నాయనా."

ఇక ఏజెన్సీ ఆయన. తుపాకులన్నీ బయటి నుంచి తెప్పించేది ఆయన ఒక్కడే. ఆయన దగ్గర కొనకపోతే ఇంకెక్కడా దొరకవు. ఫోరం నడిచే సర్వర్ ఖర్చు మొదటి నుంచీ ఆయనే భరిస్తున్నాడు, "పిల్లలు సరదాగా మాట్లాడుకుంటారు" అని పెద్దమనసుతో. పెద్దమనసు ఊరికే రాదు. ఒక ఏడాది ఆయన వాషర్లు కూడా తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ నెలలోనే షాపులన్నిటి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించాడు. తాత వాషర్ అమ్మిన షాపుకి తుపాకులు రావు. తాత వాషర్ వేసిన తుపాకీకి గ్యారంటీ లేదు. అన్ని షాపుల్లోనూ ఒకటే ధర, తగ్గించినవాడికి అదే ఆఖరు.

తాత ఊరుకోలేదు. "నా వాషర్లు ఒకే వారంలో ఏడు షాపుల నుంచి వెనక్కి వచ్చాయి. ఏడుగురూ ఒకటే మాట చెప్పారు. ఏడుగురికీ ఒకేసారి బుద్ధి మారుతుందా?" అని ఫోరంలో రాశాడు. ఆ షాపుల పేర్లన్నీ పెట్టాడు. రెండు రోజుల్లో మూడువందల మంది చదివారు.

మూడోరోజు మధ్యాహ్నం ఏజెన్సీ ఆయన కళ్ళద్దాల షాపుకి వచ్చాడు. చేతిలో పొడుగాటి పెట్టె. అందులో పోటీల్లో వాడే కొత్త రైఫిల్.

"ఇది మీ దగ్గర పెట్టుకుని, కాల్చి చూసి, మీ అభిప్రాయం రాయండి. తొందరేం లేదు, ఎన్నాళ్ళయినా ఉంచుకోండి" అన్నాడు. ఆ తర్వాత చల్లగా, "ఆ ముసలాయన కొంచెం ఎక్కువ రాస్తున్నట్టున్నాడు. ఫోరం మూసేయాల్సి వస్తే నాకూ బాధే కదా" అన్నాడు.

నిదానం అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. తాతని బ్యాన్ చేస్తే గోల అవుతుంది. చెయ్యకపోతే ఫోరమే పోతుంది. అప్పుడు అతనికి, పోస్టు తుడిచేదీ మనిషిని బ్యాన్ చేసేదీ కాక, మోడరేటర్ చేతిలో ఉండే మూడో మీట గుర్తొచ్చింది. మోడరేటర్లు దాన్ని తెర అనేవాళ్ళు. ఎవరి మీద తెర వేస్తే వాళ్ళకి తేడా ఏమీ తెలియదు. ఎప్పటిలాగే రాసుకోవచ్చు, రాసింది తమకి కనిపిస్తుంది. మిగిలిన నాలుగువేల మందికీ కనిపించదు. మోడరేటర్ ఒక్కడికే బూడిదరంగు అక్షరాల్లో కనిపిస్తుంది. గొడవ లేదు, చప్పుడు లేదు, ఎవరి మనసూ నొప్పించినట్టు ఉండదు. నిదానం లాంటివాళ్ళ కోసమే చేసినట్టున్న మీట అది. నొక్కేశాడు. కొన్నాళ్ళే కదా, వేడి చల్లారాక తీసేద్దాం అనుకున్నాడు.

ఆ కొన్నాళ్ళు మూడేళ్ళయింది.

తాత రాస్తూనే ఉన్నాడు. ఎవడో కొత్తవాడు ప్రశ్న అడగ్గానే బూడిదరంగులో తాత జవాబు వచ్చేది, కొలతలతో, ఉపాయాలతో. కింద ఎవరూ పలికేవారు కారు. వారం తర్వాత తాతే, "అర్థమైందా నాయనా? అర్థం కాకపోతే మళ్ళీ చెబుతాను" అని రాసేవాడు. మళ్ళీ ఎవరూ పలికేవారు కారు. ఒకసారి, "నా వల్ల ఎవరికైనా కష్టం కలిగిందా? కలిగితే చెప్పండి" అన్నాడు. షాపులో అద్దం అరగదీస్తూ, పక్కన పెట్టుకున్న ఫోనులో నిదానం అది చదివాడు. ఆ పూట రెండు అద్దాలు పాడుచేశాడు.

అయిదు నెలలకి ఇంకో సంగతి జరిగింది. కొత్తవాడొకడు పాత తుపాకీలో వంటనూనె పొయ్యబోతున్నాడు. పొయ్యమని పదిమంది సలహా. వద్దని చెప్పిన తాత జవాబు తెర వెనక ఉంది. అంత మంచి జవాబు వృథా పోతోందే అనిపించింది నిదానానికి. అక్షరం పొల్లుపోకుండా ఎత్తి తన పేరుతో పెట్టాడు. ఆ కొత్తవాడి తుపాకీ బతికింది. "గురువుగారూ, మీకు శతకోటి నమస్కారాలు" అన్నాడు.

గురువుగారూ అని అతన్ని ఎవరూ అనలేదు అంతకుముందు. షాపులో యజమాని "ఒరేయ్" అంటాడు. ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, వారం తిరగకుండా ఇంకో జవాబు ఎత్తాడు. తర్వాత ఇంకోటి. ఆదివారం గోడౌనులో జనం లేచి నిలబడి చోటిచ్చేవాళ్ళు. "మీకు కూడా చేతులు కడుక్కో అనే అలవాటు వచ్చిందే, అచ్చం లేత్ తాతలా! ఆయన ఏమయ్యాడో పాపం, బొత్తిగా మానేశాడు" అని ఎవరో అంటే, నిదానం పెల్లెట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

తెర వేసి ఏడాది గడిచింది. ఒకరోజు కుర్రాడొకడు అడిగితే తాత ఒక పాత తుపాకీ వాషర్ కొలత రాశాడు. సాయంత్రానికి నిదానం అలాగే ఎత్తి పెట్టాడు. గంటలో బూడిదరంగు అక్షరాలు మళ్ళీ వచ్చాయి.

"ఆ కొలత కావాలని తప్పు రాశాను. అర మిల్లీమీటర్ ఎక్కువ. నా మాట నలుగురికీ కనిపిస్తుంటే ఈపాటికి పదిమంది నన్ను ఏకేసేవారు. ఎవరూ ఏకలేదు. నువ్వు మాత్రం ఎత్తావు. అంటే నేను ఒక్క నీకే కనిపిస్తున్నానన్నమాట. ముందు వెళ్ళి ఆ కొలత దిద్దు, పాపం ఆ పిల్లాడి సిలిండరు గీసుకుపోతుంది. తర్వాత మాట్లాడుకుందాం."

నిదానం వెంటనే వెళ్ళి కొలత దిద్దాడు. కానీ మాట్లాడలేదు.

తాత ఫోరం వదిలి పోతాడనుకున్నాడు. పోలేదు. ఎప్పటిలాగే జవాబులు రాశాడు, సరైన కొలతలతో. తేడా ఒక్కటే. చేతులు కడుక్కోమన్న తర్వాత ఇప్పుడు ఒక్కోసారి ఇంకో వాక్యం ఉండేది, "తెర తియ్యి బాబూ." ఆ మీటకి ఏం పేరుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనకి కూడా అదే మాట తోచింది.

నిదానం ఆ జవాబులు ఎత్తుతూనే ఉన్నాడు, చివరి వాక్యం తప్ప. తెర తియ్యడం ఒక్క క్షణం పని. కానీ తీస్తే తాత రాసిన ప్రతి జవాబూ దాని అసలు తేదీతో బయటపడుతుంది, దాని కిందే నిదానం పేరుతో అదే జవాబు, గంటో పూటో ఆలస్యంగా. గురువుగారు దొంగ అని చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. రోజూ రేపు అనుకునేవాడు. తాత రాసిన వాక్యం అతన్ని విడిచిపెట్టేది కాదు. అద్దం అరగదీసే చక్రం చప్పుడులో వినిపించేది. స్నానం చేస్తుంటే వినిపించేది. చేతులు కడుక్కున్నప్పుడల్లా వినిపించేది. రెండేళ్ళలో నలభై ఒక్కసార్లు రాశాడు తాత. నిదానం లెక్కపెట్టాడు.

"మీకేదో అయింది. నిద్రలో ఎవరితోనో మాట్లాడుతున్నారు" అంది భార్య, నవ్వకుండా.

తర్వాత తాత రాయడం మానేశాడు. నెలన్నర దాటింది. హమ్మయ్య అనిపించింది నిదానానికి, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కొన్నాళ్ళు ఆ బూడిదరంగు వరస తెరవడమే మానుకున్నాడు. చివరికి ఒక పొద్దున ఉండబట్టలేక తెరిస్తే తొమ్మిది రోజుల కిందటి పోస్టు ఉంది.

"నేను లేత్ తాత కూతుర్ని. నాన్న నిన్న ఉదయం పోయారు. ఆయనకి మీరంటే చాలా ఇష్టం. రేపు పదకొండింటికి షెడ్డు నుంచి తీసుకెళతాం. రాగలిగినవాళ్ళు రండి."

నాలుగువేల మందికి పంపిన కబురు. ఒక్కడికే అందింది, అదీ ఆలస్యంగా.

నిదానం షాపుకి సెలవు పెట్టి వెళ్ళాడు. షెడ్డు తలుపు తీసే ఉంది. లేత్ మీద గుడ్డ కప్పి ఉంది. కూతురు అట్టపెట్టెల్లో పనిముట్లు సర్దుతోంది. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది, ఇంకా ఆ తెల్లకోటు ఒంటి మీదే ఉంది.

"ఎవరండీ?"

"మీ నాన్నగారు… ఫోరంలో పరిచయం."

ఆమె చేతిలోది కింద పెట్టింది. "ఫోరంవాళ్ళా? అయితే మీరే మొదటివారు. నేను ఆయన అకౌంటులోంచి రాశానండీ. చూడండి, ఇదిగో, ఇక్కడే ఉంది." ఆమె కంప్యూటరు అతని వైపు తిప్పింది. నిజమే, అక్కడే ఉంది. ఆ అకౌంటులోంచి చూసేవాళ్ళకి ఎప్పుడూ ఉంటుంది. "ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అయ్యో అనలేదు. అదే రోజు ఎవరో కొత్త తుపాకీ ఫొటో పెడితే నూట ఇరవై మంది పొగిడారు. నాన్న వీళ్ళకోసం కళ్ళు పోయేలా రాసేవారండీ. వీళ్ళు మనుషులేనా?"

"నేను చూశాను" అన్నాడు నిదానం.

"చూసి కూడా ఒక్క ముక్క రాయలేదా?"

అతను లేత్ మీద పక్కకి జారిన గుడ్డని సరిచేశాడు. ఆమె కోపం తగ్గించుకుని, "పోనీలెండి, వచ్చారు కదా" అంది. "నాన్న అనేవారు, అక్కడ ఒకడున్నాడమ్మా, నా ప్రతి అక్షరం చదువుతాడు అని. ఎవరు నాన్నా అంటే నిదానం అనేవారు. ఆయన మీకు తెలుసా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని ఊరికే అనలేదు. నిదానం చెయ్యి చొక్కా గుండీ దగ్గరికి పోయింది.

"తెలుసు."

"అయితే ఇది ఆయనకి ఇవ్వగలరా? ఆఖరుగా చేసింది ఇదే. అప్పటికే చెయ్యి వణికేది, మూడుసార్లు పాడయింది, నాలుగోసారికి కుదిరింది." మందుల డబ్బా అంత అట్టపెట్టె. పైన వంకర అక్షరాలతో 'నిదానానికి' అని ఉంది.

నేనే అని చెప్పడానికి నోరు తెరిచాడు. "ఇస్తానండీ" అని వచ్చింది. అట్టపెట్టె పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా రోడ్డు మీదకి వచ్చాడు.

ఇంటికి వచ్చి విప్పాడు. తోలు వాషర్, నూనెతో మెరుస్తోంది. ఆరేళ్ళ కిందట, తెర అనే ఆలోచనే లేని రోజుల్లో, తన మొట్టమొదటి పాత తుపాకీకి వాషర్ దొరకడం లేదని నిదానం ఒకసారి ఫోరంలో రాశాడు. తాత వీలు చూసుకుని చేస్తానన్నాడు. ఆ కొలత ఇన్నాళ్ళు ఎక్కడ రాసి దాచుకున్నాడో. వాషర్ కింద ఒక కాగితం ఉంది. 'రంధ్రం మూసి పట్టుకో. బొటనవేలితో నెట్టు. వదిలితే వెనక్కి రావాలి. చేతులు కడుక్కో నాయనా.'

నిదానం కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. అట్టపెట్టె అడుగు చూశాడు, మూత లోపల చూశాడు. నలభై ఒక్కసార్లు రాసిన వాక్యం ఇక్కడ లేదు. తాత అడగడం మానేశాడు. అక్కడే, వంటగది నేల మీద కూర్చుని నిదానం ఏడ్చాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఏమైందని అడగలేదు. అతనే మొదటి నుంచీ చెప్పాడు.

అంతా విని ఆమె, "మరి ఇంకా కూర్చున్నారేం?" అంది.

పాత తుపాకీ విప్పి, సిలిండరు తుడిచి, వాషర్ పెట్టి నెట్టాడు. కష్టంగా వెళ్ళింది. వదిలాడు. లోపలి నుంచి ఎవరో మెల్లగా తోసినట్టు అతని బొటనవేలిని నెట్టుకుంటూ అది వెనక్కి వచ్చింది. లేచి చేతులు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని, పట్టపగలు పన్నెండింటికి తెర తీశాడు.

ఆరువందల పన్నెండు పోస్టులు ఒక్కసారి బయటపడ్డాయి. ఫోరం మొదటి పేజీ అంతా ఒకటే పేరు, లేత్ తాత, లేత్ తాత, లేత్ తాత. చచ్చిపోయిన మనిషి తిరిగొచ్చి, మూడేళ్ళ ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు చెబుతున్నట్టుంది. "తాతా! ఎక్కడికి పోయారు ఇన్నాళ్ళు?" అని ఒకడు. "వచ్చేశారా!" అని ఇంకొకడు. ఆ తర్వాత ఎవరో కూతురు రాసింది చూశారు. ఆ తర్వాత ఎవరో తేదీలు చూశారు.

చావుకబురు కింద నిదానం రాశాడు. ఏజెన్సీ ఆయన వచ్చిన మధ్యాహ్నం, రైఫిలు, మీట, ఎత్తిన జవాబులు, వదిలేసిన వాక్యం. కింద తన అసలు పేరూ ఫోను నంబరూ పెట్టాడు. ఏడుగురు షాపువాళ్ళలో ఒకాయన, "నిజమే, నా చేత కూడా సంతకం పెట్టించారు" అని రాశాడు. సాయంత్రానికి తాత జవాబుల్ని జనం ఎక్కడికక్కడ దాచుకున్నారు, ఇక ఎవరు తుడిచినా పోనంతగా. ఎవరు పెట్టాల్సిన గడ్డి వాళ్ళు నిదానానికి పెట్టారు. అన్నీ చదివాడు.

రెండోరోజు ఫోను మోగింది. కూతురు.

"మీరేనా ఆ వచ్చింది?"

"నేనేనమ్మా."

"నాలుగువందల మంది రాశారు నాన్నకి" అంది. "ఒక్కటి చెప్పండి. మొదటి ఏడాదంతా రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని, ఎవరూ పలకలేదే అని తనలో తాను అనుకునేవారు. నేను విన్నాను. తర్వాత ఆయనకి తెలిసిపోయిందా?"

"తెలిసిందమ్మా."

"తెలిసీ రాశారా? ఎవరికీ కనపడదని తెలిసి కూడానా?"

"రాశారు."

"ఎందుకు?"

ఆమె ఫోను పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

రైఫిల్ తిరిగి ఇచ్చేశాడు. మోడరేటర్ కుర్చీలోకి ఏజెన్సీ ఆయన తన ఆఫీసు గుమస్తాని కూర్చోబెట్టాడు. నిదానం అకౌంటు మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. గోడౌనుకి వెళితే పక్కవాళ్ళు జరిగి దూరంగా నిలబడతారు. అది సరే, దానికి అర్హుడే. పాత తుపాకీతో కాలుస్తాడు, ఒక్కడే.

నెల తర్వాత ఫోరంలో కొత్తమ్మాయి ఒకామె అడిగింది, పాత తుపాకీలో వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది అని. నిదానం జవాబు రాశాడు, ఇది తాత చెప్పింది అని పేరు పెట్టి. ఎవరూ పలకలేదు. తిట్టను కూడా తిట్టలేదు. ఇంకో ప్రశ్నకి రాశాడు. అదీ అంతే. మూడు వారాలు, పదకొండు జవాబులు, చీమ చిటుక్కుమనలేదు.

వెలివేశారా? లేక కొత్త మోడరేటర్ తన మీద తెర వేశాడా? తన అకౌంటులోంచి చూస్తే తన మాటలు ఎప్పటిలాగే కనిపిస్తున్నాయి. తెర వేస్తే అలాగే కనిపిస్తాయి. ఇది తెలుసుకునే దారి ఒకటుంది. తాత చూపించిందే.

ఆ కొత్తమ్మాయి ఈసారి వాషర్ కొలత అడిగింది. అర మిల్లీమీటర్ ఎక్కువ వేసి రాశాడు. పంపే మీట మీద వేలు పెట్టి కూర్చున్నాడు. తెర ఉంటే ఎవరూ దిద్దరు, తెలిసిపోతుంది. లేకపోతే ఎవరైనా దిద్దేలోపే ఆ అమ్మాయి సిలిండరు గీసుకుపోతుంది. షాపులో చక్రం తిరుగుతోంది. బయట ఎవరో కళ్ళద్దాలు బాగుచెయ్యమని అడుగుతున్నారు.

వేలు తీశాడు. కొలత దిద్దాడు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. కింద, చేతులు కడుక్కో తల్లీ, అని రాసి పంపాడు.